ఇరవై కిలోల సిలువ

పర్వతారోహణ ఎంపిక పరీక్షలో ఇరవై కిలోల సంచితో కొండెక్కాలని తెలిసి, గరివిడి జేమ్స్ సాధన కోసం చర్చి సిలువను అడిగి తీసుకున్నాడు. ఏటా గుడ్ ఫ్రైడే నాడు సంఘపెద్దలు పదడుగులకొకరు చొప్పున, మూలుగుతూ మోసే సిలువ అది. ఇరవై కిలోలైనా ఉంటుందనుకున్నాడు.

నెల రోజులు దాన్ని భుజానేసుకుని కొండెక్కాడు. చివరి వారం పరిగెత్తాడు కూడా.

"మా పెద్దోళ్లకి దమ్ము నేదు," అని ఫోన్లో టైం చూసుకుని మురిసిపోయాడు.

పరీక్ష రోజున అసలు సంచి ఎత్తుకుని మొదటి మలుపులోనే కూలబడ్డాడు.

తిరిగొచ్చి సిలువను కాటా మీద పెట్టాడు. నాలుగు కిలోలు.

"లోపలంతా డొల్లే, అయ్యగారూ," అన్నాడు పాస్టరుతో.

"మోసినోళ్లందరికీ తెలుసురా," అన్నాడాయన తాపీగా. "వచ్చే గుడ్ ఫ్రైడేకి నీకూ వంతుంటాది. గట్టిగా మూలుగు."