సమ్మమ్మ జబ్బు

"నిద్ర పడతలేదు సారూ. అన్నం సుత సయిస్తలేదు."

తెర మీద సమ్మమ్మ ముఖం బాగా దగ్గరకు వచ్చింది. ముందు రోజు మొదటిసారి దగ్గుకు చూపించుకుని పోయింది, ఇవాళ మళ్లీ వచ్చింది. ఏటూరునాగారం అవతల, అడవి పక్క ఊరు ఆమెది. అక్కడి ఆరోగ్య కేంద్రంలో ఆశా కార్యకర్త తిరుమల ట్యాబ్ పట్టుకుని నిలబడింది. ఇక్కడ హనుమకొండలోని ట్రస్టు దవాఖానలో, తన గదిలో కూర్చుని డాక్టర్ రాజేశ్వర్ రావు చూస్తున్నాడు.

"బీపీ మంచిగనే ఉంది అవ్వా. షుగర్ లేదు. సాయంత్రం పూట జర నడువు. నలుగురితోని మాట్లాడు. ఒక్కదానివే ఇంట్ల కూసోకు."

"నువ్వు నడుస్తవా?"

"ఆఁ... నడుస్త."

"యాడ?"

రాజేశ్వర్ రావు తడబడ్డాడు. "భద్రకాళి చెరువు కట్ట మీద."

"ఆడ ఎట్లుంటదో రేపు చెప్పు. నేనెన్నడు సూడలే."

ఆ సాయంత్రం అతను నిజంగానే కట్ట మీదికి వెళ్లాడు. ముసలామెకు అబద్ధం చెప్పానే అన్న సిగ్గుతో వెళ్లాడు. చల్లగాలికి చాలాసేపు నడిచాడు.

ఈ వీడియో వైద్యం తెచ్చింది అతనే. భార్య శకుంతల చనిపోయాక ఇంటికి వెళ్లబుద్ధి కాక దవాఖాన మొత్తాన్ని కంప్యూటర్లలోకి మార్చే పని నెత్తికెత్తుకున్నాడు. టోకెన్లు ఫోన్లోకి వచ్చాయి. రిపోర్టులూ అంతే. మొండికేసిన డాక్టర్లను బతిమాలి, పోట్లాడి ఒప్పించాడు. మరిపెడ నుంచీ ఏటూరునాగారం నుంచీ జ్వరాలతో బస్సుల్లో నిలబడి వచ్చేవాళ్లకు ఆ తిప్పలు తప్పాయి.

అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. ఓపీ హాల్లో గోల పోయింది. ఫైళ్లు పోయాయి. ఫైళ్లు తెచ్చే కట్టయ్యను మందుల కౌంటరుకు పంపేశారు. దాంతో అతను పట్టుకొచ్చే చాయ్, అతని మనవరాలి ముచ్చట్లు కూడా పోయాయి. సంతకాలు తెర మీద. మీటింగులు తెర మీద. యాజమాన్యం అభినందనలు కూడా తెర మీదే వచ్చాయి. ఇప్పుడు రాజేశ్వర్ రావు గది తలుపు తోసుకుని లోపలికి వచ్చే అవసరం ఎవరికీ లేదు.

మరుసటి రోజూ సమ్మమ్మ వచ్చింది. చెరువు సంగతంతా అడిగి తెలుసుకుంది. చివర్లో తన మోకాలి నొప్పి గుర్తొచ్చినట్టుంది.

"మోకాలు సంగతి మల్ల చెప్త గని, ఇయ్యాల ఏం కూర తిన్నవ్?"

"హోటల్ నుంచి తెప్పించుకున్న."

"రోజు హోటలేనా? టమాట వండుకునుడు రాదా? ఉల్లిగడ్డలు సన్నగ కోసుకో..."

ఆమె చెబుతుంటే తిరుమల నవ్వు ఆపుకుంటోంది. ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాడతను. కానీ మర్నాడు అడుగుతుందని తెలుసు కనుక, ఆ పూట చాలాకాలం తర్వాత ఇంట్లో పొయ్యి వెలిగించాడు. కూర మాడింది. అయినా తిన్నాడు.

ఓ రోజు ఆపరేషన్స్ మేనేజర్ లావణ్య వీడియోలోకి వచ్చింది.

"సార్, ఏటూరునాగారం సెంటర్ల ఒక్క పేషెంటే రోజూ స్లాట్ తీసుకుంటాంది. సమ్మమ్మ. జబ్బేం లేదు, మందులేం రాస్తలేరు."

"పెద్దమనిషి లావణ్యా. ఇంట్ల మాట్లాడెటోళ్లు లేకనే వస్తున్నట్టుంది."

"నాకూ పాపమనే అనిపిస్తాంది సార్. కానీ జబ్బు లేనోళ్లకు స్లాట్ ఆపాలన్న రూల్ మీరే పెట్టిండ్రు. ఆమె వెనక జ్వరాలొచ్చినోళ్లు కూసుంటాండ్రు."

అది నిజమే. సమ్మమ్మ రాని పొద్దు ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. తెర మీద ఒకరి తర్వాత ఒకరు వస్తారు, నొప్పి చెబుతారు, పోతారు.

"ఆదివారం నేనే పోయి చెప్పివస్త."

"అంత దూరమా? వీడియోలనే చెప్పొచ్చు కద సార్?"

"గీ మాట తెర మీద చెప్పలేను."

ఆదివారం కారులో దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాడు. ఆమె మనసు నొప్పించకూడదు. అప్పుడప్పుడు వెళ్లి పలకరించి రమ్మని తిరుమలకు ముందే చెప్పిపెట్టాడు. వీలైతే నెలకోసారి తనే వచ్చి చూసిపోవాలనుకున్నాడు. పాపం, ఏ చీకటి ఇంట్లో ఒక్కతే ఎలా ఉంటుందో.

తిరుమల దారి చూపించిన ఇంటి ముందు కారు ఆపి, అతను అలాగే నిలబడిపోయాడు.

వాకిలి నిండా మనుషులు. ఇద్దరు కోడళ్లు మిరపకాయలు ఆరబోస్తున్నారు. పిల్లలు కోళ్ల వెంట పరుగెడుతున్నారు. పక్కింటి ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని నవ్వుతున్నారు. వాళ్లందరి మధ్య సమ్మమ్మ నిండు బస్తాను ఒక్క గుంజుతో వాకిట్లోకి లాగుతోంది.

"ఓరి, సారు మా ఇంటికొచ్చిండే!" అని బస్తా వదిలేసి పరుగున వచ్చింది.

కుర్చీ వచ్చింది. మంచినీళ్లు వచ్చాయి. సమ్మమ్మకు ఎలా ఉందని అడిగితే పెద్దకోడలు పకపకా నవ్వింది.

"మా అత్తకేం రోగం సార్! చేన్ల మాకంటె ముందుంటది. పండుకుంటె గురకకు మాకు నిద్ర ఉండదు. పొద్దుగాల్నే గా సెంటర్‌కు ఎందుకు పోతదో మాకు తెల్వదు. అడిగితె చెప్పదు."

రాజేశ్వర్ రావు మొహం చిన్నబోయింది. సమ్మమ్మను వేపచెట్టు పక్కకు పిలిచాడు. తిరుమల వెనకే వచ్చింది.

"నొప్పి లేదు, బాధ లేదు. ఇల్లు నిండ మనుషులే. మరి ఇన్ని రోజులు నాకెందుకు అబద్ధం చెప్పినవ్ అవ్వా?"

తిరుమల తల దించుకుంది.

సమ్మమ్మ ఒకసారి వాకిలి వైపు చూసి, కోడళ్లకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"మొదటిరోజు నాతోని మాట్లాడుడైనంక, వీడియో బంద్ చేసుడు మర్సి ఏడ్సినవ్ బిడ్డా."