చెట్టు వేషం

"ముందు మీరే పెట్టుకోండమ్మా," అంటూ టోపీ పెద్దాయన తన పాత కారును వెనక్కి తీశాడు.

హోటలు వెనకున్న రెండు ఛార్జింగ్ మిషన్లలో ఒకటి చచ్చి ఊరుకుంది. రెండోదాని దగ్గరికి ముందొచ్చింది ఆయనే.

లెక్కల టీచరు మొహమాటపడింది. "మీకూ తొందరేమో కదండీ?"

"మనవరాలి స్కూల్లో నాటకం, నాలుగింటికి. చెట్టు వేషమట. కదలకూడదు, మాట్లాడకూడదు. నెల్లాళ్లుగా అదే సాధన!"

పిల్లలిద్దరూ పకపకా నవ్వారు.

"మీరేమో ఓడంటున్నారు. ఓడ ఆగదు. చెట్టెక్కడికి పోతుంది?"

టీచరు తమ్ముడు ఓడలో పనిచేస్తాడు, ఈ సాయంత్రమే బయల్దేరుతున్నాడు. మళ్లీ ఏడాది దాకా రాడు. ఐదింటికి రేవు గేటు మూసేస్తారు.

మూడేళ్ల క్రితం తమ్ముడికీ ఆమె భర్తకీ మాటా మాటా పెరిగి రాకపోకలు తెగిపోయాయి. మొన్న తమ్ముడే ఫోన్ చేశాడు.

"ఒక్కసారి కనిపించి పో అక్కా."

"నేనే తీసుకెళ్తాగా," అన్నాడు భర్త, ఆమె అడక్కముందే.

ఆ ఒక్క మాటతో ఆమెకు పదిహేనేళ్ల కాపురం కొత్తగా కనిపించింది.

తెల్లారుతూనే బయల్దేరారు. దారి పొడుగునా పెద్దది బ్యాటరీ శాతాలు పైకి చదువుతూనే ఉంది. చిన్నాడు పందేలు కాస్తూనే ఉన్నాడు. ఇక్కడికొచ్చేసరికి పద్దెనిమిది మిగిలింది. ఎనభై ఎక్కితే చాలు, నాలుగూ యాభైకల్లా రేవులో ఉంటామని టీచరు లెక్క కట్టింది.

భర్త ఛార్జింగ్ గన్ను కారుకు తగిలించి, తన ఫోన్‌లో మీట నొక్కాడు.

"తినిరండి. కారు దగ్గర నేనుంటాగా," అని పెద్దాయన మడత స్టూలు వేసుకున్నాడు.

బల్ల మీదికి అన్నం వచ్చీ రాకముందే భర్త లేచాడు.

"కళ్లజోడు కార్లో మర్చిపోయా."

ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. పిల్లలకు తానే వడ్డించాడు కూడా.

తిని బయటికొచ్చేసరికి గన్ను పెద్దాయన కారుకుంది.

"అమ్మా, నలభై మూడే!" అద్దంలోంచి చూసి పెద్దది అరిచింది.

టీచరుకు లెక్క అందలేదు. అందాక ఒళ్లు మండింది.

"ఇదేమిటండీ? ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నారా?"

పెద్దాయన గబుక్కున లేచాడు. భర్త వైపు చూశాడు. భర్త వంగి బూటు లేసు బిగించుకుంటున్నాడు.

పెద్దాయన నోరు తెరిచాడు. పిల్లలిద్దరూ తలెత్తి ఆయన్నే చూస్తున్నారు.

మూసేశాడు.

"మాట్లాడరేం? చెట్టు వేషం మీ మనవరాలిదా, మీదా?"

"తప్పు నాదేనమ్మా. తొందరపడ్డాను."

తన కారు ఇంకా ఇరవై ఒకటి దగ్గరే ఉంది. అయినా గన్ను పీకి ఆమె చేతికిచ్చాడు. చేతిగడియారం చూసుకుని, చూడనట్టు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"మా తమ్ముడు కనపడకుండా వెళ్లిపోతే ఆ పాపం మీదే."

"నన్నెంతన్నా పర్లేదమ్మా. నేను మీకు మళ్లీ కనపడను కదా. మీలో మీరు మాత్రం పోట్లాడుకోకండి."

"దొంగ తాత," అన్నాడు చిన్నాడు.

ఆమె వాణ్ణి వారించలేదు.

ఐదున్నరకు రేవు చేరారు. గేటు మూసి ఉంది. ఇనప చువ్వల అవతల, నీళ్ల దగ్గర, ఓడ తాళ్లు విప్పుతున్నారు. తమ్ముడి ఫోన్ పలకలేదు. అంతకుముందే అతను పంపిన రెండు ముక్కల మెసేజ్ ఉంది: "గేటు దగ్గరే నించున్నానక్కా. ఇక లోపలికి పొమ్మంటున్నారు."

భర్త ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం చేస్తాం? మన టైము బాగాలేదు."

"టైము కాదు, ఆ ముసలాయన! ఊరుకోను. ఫిర్యాదు పెడతాను."

"పోనిద్దూ. పెద్దవాడు. క్షమించెయ్."

ఆమె తలతిప్పి చూసింది. ఎవరైనా కాలు తొక్కితే పదేళ్లు గుర్తుపెట్టుకునే మనిషి. ఈ దయ ఎప్పుడు మొలిచింది? తన దుఃఖం చూసి కరిగాడనుకుంది. అలా అనుకోవడంలో ఆమెకు ఆ పూటకు దొరికిన ఊరటంతా ఉంది.

అతను పిల్లలకు నీళ్ల సీసాలు కొనడానికి వెళ్లాడు.

ఆమె ఫోన్‌లో ఛార్జింగ్ యాప్ తెరిచింది. ఇంటిల్లిపాదికీ ఒకటే ఖాతా. అందులో ఫోన్లకు పేర్లు పెట్టింది పెద్దదే: అమ్మ ఫోన్, నాన్న ఫోన్.

"నమ్మకంగా కాపలా ఉంటానని చెప్పి, మేము లేని సమయం చూసి," అని రాసింది. సమయం దగ్గర ఆగింది. ఉజ్జాయింపుగా రాయడం ఆమె వల్ల కాదు. మధ్యాహ్నపు వివరాలు తీసింది.

మొదలు: ఒంటిగంటా పది.

ఆగింది: ఒంటిగంటా ఇరవై రెండు, నలభై మూడు శాతం దగ్గర.

అన్నం బల్ల మీదికి వస్తున్న వేళ. కళ్లజోడు వేళ.

ఆ పక్కనే చిన్న అక్షరాల్లో, పిల్లల ముఖాలు చూసి టోపీ పెద్దాయన మింగేసిన మాట ఉంది: ఆపినది, నాన్న ఫోన్.