పొలాల లైను

మధ్యాహ్నం మూడింటికి పది నిమిషాలు తక్కువగా మొదటి ఫోనొచ్చింది. ఊరి చివర, మిరప తోటల పక్కనున్న పెంకుటిల్లు అంటుకుంది. చేసింది ఆ ఇంటి పెద్దావిడ రాఘవమ్మ. మనుషులంతా బయటికొచ్చేశారని, పిల్లలిద్దరూ తన కొంగు పట్టుకునే ఉన్నారని, పత్తి పోసిన గది మాత్రం భగభగా మండుతోందని గడగడా చెప్పింది.

"మీరందరూ దూరంగా నిలబడండి. కరెంటు సంగతి నేను చూస్తాను," అన్నాడు త్రినాథ్.

ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న సబ్‌స్టేషన్లో అతను ఆపరేటర్. షిఫ్టుకి ఒక్కడే మనిషి. సాయంత్రం ఆరింటికి నాగేంద్రబాబు వచ్చి దిగేదాకా ఫోనూ, స్విచ్చులూ, తిట్లూ అన్నీ అతనివే.

ముందు ఊరి లైను తీసేశాడు. తడి చేతులతో బక్కెట్లు మోసేవాళ్ళకి తీగ తగిలితే ఇంకో ఘోరం. దాంతో ఊళ్ళో ఇళ్ళ బోర్లన్నీ ఆగిపోయాయి. చేదబావులా? ఈ రోజుల్లో ఎవరికున్నాయి కనుక?

చిలకలూరిపేట నుంచి ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చింది. పాపం, ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానే దాని ట్యాంకు ఖాళీ అయింది. పత్తి మంట తేలిగ్గా ఆరే రకమా? పైన తడుపుతుంటే లోపల రాజుకుంటూనే ఉంటుంది. కాలవకి నీళ్ళు ఆపేసి నెలైంది. పక్క గదిలో చూస్తే ముప్ఫై టిక్కీల ఎండుమిర్చి, గోనె బస్తాల్లో కుక్కి పెట్టింది. అది గానీ అంటుకుందా, ఆ ఇంటి ఏడాది కష్టం బూడిదే. ఆ ఘాటుకి ఫైర్‌వాళ్ళు కూడా అక్కడ నిలబడలేరు.

నీళ్ళు మాత్రం ఇంటి వెనకే ఉన్నాయి. నాలుగు పొలం బోర్లు, గొట్టం లాగితే అందేంత దూరంలో. పొలాల లైను వేరే. కానీ దానికి కరెంటిచ్చే వంతు రెండింటికే అయిపోయింది. వంతు కాని వేళ ఇస్తే ఉద్యోగానికే ఎసరు.

త్రినాథ్ ఇంజినీరుగారికి ఫోన్ చేశాడు. ఆయన మీటింగులో ఉన్నారు. పైనుంచి ఆర్డరు లేకుండా ముట్టుకోవద్దని గుసగుసగా చెప్పి పెట్టేశారు.

త్రినాథ్ ముట్టుకున్నాడు.

అక్కడే వచ్చింది అసలు తంటా. ఈ చుట్టుపక్కల ఏ రైతూ మోటారు ఆపి ఇంటికెళ్ళడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు దానంతటదే తిరిగేలా ఆటో స్టార్టరు పెట్టేసి, హాయిగా అన్నం తిని నడుం వాలుస్తాడు. అందుకని స్విచ్ వేయగానే నాలుగు కాదు, లైను మీదున్న రెండొందల మోటార్లూ ఒక్కసారే లేచాయి. బరువు మోయలేక బ్రేకర్ పడిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ పడింది.

రైతుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ఇల్లు కాలుతోంది, దయచేసి మోటార్లు ఆపమని బతిమాలాడు. ముప్ఫై మంది వెంటనే దండాల బొమ్మలు పెట్టారు. మోటారు మాత్రం ఒక్కరూ ఆపలేదు. పక్కవాడు ఆపుతాడులే అని ఎవరికి వారికి ధీమా. ఎంత మంచి మనుషులో!

ఇంతలో పక్క ఊరి పేరయ్య ఫోన్ చేశాడు.

"ఏవయ్యా ఆపరేటరూ, అడక్కుండానే కరెంటిచ్చావు, సంతోషం. ఒక్క సాలైనా తడవకుండా తీసేశావేం? ఏం కొంపలంటుకున్నాయని?"

"ఒకటి అంటుకుందండి."

"ఎవరిదో కాలితే నా తోట ఎండబెట్టుకోవాలా?"

త్రినాథ్‌కి ఒళ్ళు మండింది. ఫోను పెట్టేశాడు.

వెంటనే లైన్‌మన్ మాబు ఫోను. అతను మంట దగ్గరే ఉన్నాడు.

"అన్నా, నువ్వొకసారి రా."

"నేనొస్తే ఇక్కడ స్విచ్ ఎవడేస్తాడ్రా? నా మాట విను. ఊరు దాటగానే స్తంభానికి హ్యాండిలుంది చూడు, అది దించు. అవతల లైనంతా తెగిపోవాలి. ఆ నాలుగు బోర్లే మిగలాలి."

"ఇంజినీరుగారు ఊరుకుంటారా?"

"దించరా."

మాబు బండేసుకుని స్తంభం దగ్గరికి పోయేదాకా లైను చంపి ఉంచాడు. ఎనిమిది నిమిషాలు. కిటికీలోంచి చూస్తే తోటల మీద నల్లటి పొగ. త్రినాథ్‌కి భయం వేసింది. కూర్చోలేక గది నాలుగు మూలలూ తిరిగాడు.

హ్యాండిల్ దించానని మాబు చెప్పగానే స్విచ్ వేశాడు. మీటరు ముల్లు కాస్త లేచి, నిలబడింది. పడలేదు.

నాలుగు గొట్టాలు తెచ్చి ఫైరింజను ట్యాంకులో వదిలారు. ఇక అది తాగుతూనే ఉంది, కక్కుతూనే ఉంది. నాలుగున్నరకి మంట లొంగింది. పత్తి గదీ, దాని మీద పెంకులూ పోయాయి. మిర్చి గది గోడ కాలి నల్లబడింది గానీ ఒక్క టిక్కీ అంటుకోలేదు.

మీటింగయ్యాక ఇంజినీరుగారు తీరిగ్గా ఫోన్ చేసి చెడామడా తిట్టారు. పొద్దున్నకల్లా మెమో సిద్ధంగా ఉంటుందన్నారు. త్రినాథ్ అలాగేనండి అన్నాడు.

ఆరింటికి రావాల్సిన నాగేంద్రబాబు ఐదింటికే ఆయాసపడుతూ వచ్చాడు. తాళాలు లాక్కుని, ఇక బయల్దేరమన్నాడు.

త్రినాథ్ బండి దగ్గరికెళ్ళి, స్టార్ట్ చేసే ముందు రాఘవమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, ఈ రాత్రికి మనం పడుకోవడానికి ఏ గది మిగిలిందే?" అని అడిగాడు.