సీడీలకు బొట్టు

కంప్యూటర్లో కొనుక్కున్న ఆటలను కంపెనీ తీసేస్తోందని, నా మనవరాలు సుధారాణి ఆదోని నుంచి ఖాళీ సీడీలు తెచ్చి వాటిలోకి ఎక్కించుకుంది.

పోయిన దసరాకు మగ్గానికి పెట్టినట్టే ఆ సీడీలకూ మెరిసే వైపు పసుపు, కుంకుమ పెట్టాను. వాటి మీద అది వేలు కూడా పడనీయదని అప్పుడు గుర్తొచ్చింది. భయమేసి కొంగుతో గట్టిగా తుడిచాను. అన్నీ గీతలే. ఎవరికీ చెప్పకుండా డబ్బాలో సర్దేశాను. ఏడాదిగా నాకు ముద్ద దిగలేదు.

ఈ దసరాకు సుధారాణే వాటిని తెచ్చి మగ్గం దగ్గర పెట్టింది.

“పెట్టవ్వా బొట్టు. యేమట్లా సూస్తాండావు?”

“వద్దు తల్లీ! పోయినేడు నేనే పాడు చేసినా,” అని ఏడ్చేశాను.

“తెలుసవ్వా. మర్నాడే సూసినా. ఒగటీ పనిచేయలేదు.”

“మరి నన్నెందుకు తిట్టలేదే?”

“నువ్వే సెప్తావని ఏడాది నుంచి ఎదురు సూస్తాండా.”