పేరు లేని వ్యాసం

“సార్, ఇది నేను చూడకూడదండీ,” అంది జూనియర్ లెక్చరర్, ఫైల్లోని కాగితాలు తిరగేసి.

పెద్దసారు వినలేదు. ఎదుటివాళ్లు నోరు తెరవగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెడతారు. అద్దాలు శుభ్రపడేసరికి వాళ్ల మాట అయిపోతుంది. ఆయన చెవులున్నది కళ్లద్దాలు మోయడానికేనని డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు.

“చూడకూడదేమిటమ్మా? పరిశోధన పత్రికవాళ్లు నా అభిప్రాయం అడిగారు. ఆ వ్యాసం అచ్చు వేయొచ్చో లేదో చెప్పాలి, అంతే. నాకు మీటింగులతోనే సరిపోతోంది, ఫైలు తెరిచే తీరిక కూడా లేదు. మీరు రాసిపెడితే నా పేరుతో పంపిస్తాను.”

“ఆ పత్రికకి నేనూ వ్యాసం పంపాను సార్.”

“ఓహో, పోటీ అనా మీ బెంగ? వచ్చే సంచికలో ఒక్కదానికే చోటుందట, నిజమే. అయినా మీ నిజాయితీ నాకు తెలీదా?”

“అది కాదు సార్, అసలు ఈ వ్యాసం...”

“రాసినవాళ్ల పేరు తీసేసే పంపారమ్మా. ఇంక మొహమాటమెందుకు?” అంటూ కళ్లద్దాలు పెట్టుకుని మీటింగుకి వెళ్లిపోయారు.

జూనియర్ లెక్చరర్ ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి వచ్చింది. తను పంపిన వ్యాసం అచ్చయితేనే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే సెలవుల తర్వాత కాలేజీకి రానక్కర్లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కోడలి వ్యాసం చూస్తున్న పుణ్యాత్ముడు ఎవరోగాని నూరేళ్లు చల్లగా ఉండాలని అత్తగారు రోజూ దేవుడికి మొక్కుకుంటోంది.

ఆదివారం పొద్దున్నే కోడలు భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఇంట్లో ఉన్నా మెడలో విజిల్ తియ్యడు.

“దేని గురించి ఆ వ్యాసం?”

“చెప్పకూడదు. రూలు.”

“నాక్కూడానా?”

“ముఖ్యంగా మీకు.”

డ్రిల్లు మాస్టారు మొహం ముడుచుకుని పేపరు చదువుకోసాగాడు. కాసేపటికి తలెత్తి చూస్తే, ఆమె పెన్ను పట్టుకుని గోడకేసి చూస్తోంది.

“ఏమైంది?”

“తప్పు దొరికింది. మూడో పట్టికలో ఒక వరుసని రెండుసార్లు కూడేశారు. అది తీసేస్తే ఇందులో చెప్పిన గొప్పంతా హుళక్కి.”

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారు కత్తి పట్టుకునే వచ్చింది. “అందరికీ కనిపిస్తుందా ఆ తప్పు?”

“పనిగట్టుకుని మళ్లీ కూడితే తప్ప కనిపించదత్తయ్యా.”

“అయితే నువ్వూ చూడలేదనుకో. పాపం ఎవరి కన్నబిడ్డో, ఎంత కష్టపడ్డారో! వాళ్లింట్లోనూ మనలాగే కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తుంటారు.”

“చూస్తుంటారత్తయ్యా,” అంది కోడలు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయల ఘాటనుకుని అత్తగారు కత్తి వెనక్కి దాచుకుంది.

“ఫౌలు ఫౌలే అమ్మా!” అన్నాడు డ్రిల్లు మాస్టారు. “జాలిపడి విజిల్ ఊదకపోతే అది ఆటెలా అవుతుంది?” అంతలో ఆయనకి అనుమానం వచ్చింది. గొంతు తగ్గించాడు. “ఒక్క మాట. ఇది పోతే ఆ చోటు నీకొస్తుందని కాదు కదా? మనసులో ఏ మూలనైనా అలాంటిదుంటే ఇప్పుడే చెప్పు.”

“లేదు. ఒట్టు.”

“అయితే ఊదెయ్.”

“ఆ మనిషి ఉద్యోగం పోతుందేమోనండీ.”

“పోతే పోనీ! తప్పు లెక్క మీద నిలబెట్టిన ఉద్యోగం మాత్రం ఎన్నాళ్లుంటుంది? సరిచేసుకుని మళ్లీ రాసుకోమను.”

ఆమె ఆయన్ని కాసేపు తేరిపార చూసింది. “ఈ మాట గుర్తుపెట్టుకోండి,” అని పెన్ను తీసింది.

మధ్యాహ్నానికి రాయడం పూర్తిచేసి పెద్దసారుకి మెయిల్ చేసింది. చేసి కుర్చీలోంచి లేచిందో లేదో ఆయన ఫోను.

“పంపించేశానమ్మా! భలే చీల్చి చెండాడారు!”

“చదివారా సార్?”

“చదవడమెందుకూ? పొడుగ్గా ఉందిగా!”

ఆమె ఫోను పెట్టేసి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. పెద్ద బరువు దించుకున్నట్టు తేలిగ్గానూ ఉంది, ఏడుపూ వస్తోంది. అత్తగారు కాఫీ తెచ్చిచ్చింది.

“సరే, ఆ మనిషి సంగతి తేలిపోయింది,” అన్నాడు డ్రిల్లు మాస్టారు, తీర్పంతా తనే చెప్పినంత దర్జాగా. “ఇంక నీది తేలాలి. ఇంతకీ నీ వ్యాసం ఏ మహానుభావుడి చేతిలో పడిందో ఏమైనా ఆచూకీ తెలిసిందా?”

“తెలిసింది.”

“ఎవరు?” తల్లీ కొడుకూ ఒక్కసారే అడిగారు.

“నేనే.”