గడప లేని గది

“ఆ గది ఇచ్చేశామండీ. అదిగో, వాళ్లకే.”

రిసెప్షనిస్టు వేలు తనవైపు తిరగగానే అల్లుడి చేతిలో తాళంచెవి బరువెక్కింది. ముందు చక్రాల కుర్చీలో అత్తగారు, పక్కన భార్య, వెనక సామాను. తప్పించుకునే దారి లేదు.

కౌంటరు ముందు నిలబడ్డవాడు మెకానిక్కు. చొక్కా జేబు మీద గ్యారేజీ పేరు కుట్టి ఉంది, గోళ్లలో గ్రీజు ఇంకా వదల్లేదు. అతని పక్కన మరో చక్రాల కుర్చీ. అందులో పుల్లల్లాంటి కాళ్లతో అతని తమ్ముడు.

“ఫోన్లో అడిగాను కదమ్మా! కుర్చీ పట్టేంత తలుపు, గడప లేని బాత్రూము, గోడకి పట్టుకోవడానికి కడ్డీలు, అన్నీ ఉన్నాయన్నారు. ఆ మాట నమ్ముకునే ఇంత దూరం వచ్చాం.”

“ఉన్నాయండీ. కానీ అలాంటి గది ఒక్కటే. మీరు అడిగి ఫోను పెట్టేశారు, ఈలోగా ఆయన బుక్ చేసుకున్నారు. ఇప్పుడు మేడమీదే ఖాళీ. లిఫ్టు లేదు.”

అల్లుడు తన చెప్పుల వంక చూసుకున్నాడు. నీళ్ల అంచున వరండా ఉన్న గది ఈ రిసార్టు మొత్తానికి అదొక్కటే. నడవలేనివాళ్లకి తప్ప ఇవ్వం అన్నారు. “మా అత్తయ్య నడవలేరండీ” అని నోటికొచ్చింది అనేశాడు. ఆనక కుర్చీ అద్దెకి తెచ్చాడు. చీవాట్లు పెడుతుందనుకున్న అత్తగారు కిమ్మనకుండా ఒప్పుకుంది. పొద్దున తామిద్దరూ ఆవిడ ఇంటికి వెళ్లేసరికి గుమ్మం దగ్గరే తయారుగా కూర్చుని ఉంది. అక్కణ్నుంచి కుర్చీలోకి జరిగి, “నాటకమంటే నాటకంలా ఉండాలి అల్లుడుగారూ, కార్లోకి కూడా మీరే ఎత్తి కూర్చోబెట్టండి” అంది. దారంతా ముగ్గురూ పడీ పడీ నవ్వుకున్నారు.

“పోనీలే అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు. “పైకి మోసుకెళ్లిపో. కాకపోతే కొత్త పెళ్లికూతుర్ని మోసినట్టు మొయ్యకు, జనం ఫొటోలు తీస్తారు.”

“నిన్ను మొయ్యడానికేంరా. బాత్రూములోకి కుర్చీ పట్టకపోతే ఏం చేస్తావు?”

“ఉన్నన్నాళ్లూ మంచినీళ్లు మానేస్తాను. అలవాటేగా!”

అన్నదమ్ములిద్దరూ నవ్వారు. అల్లుడు తాళంచెవిని పిడికిట్లో బిగించాడు.

“ఏమండీ, నిలబడిపోయారేం? పదండి,” భార్య మోచేత్తో పొడిచింది.

కదలబోతే మెకానిక్కే ఎదురొచ్చాడు. తిడతాడనుకున్నాడు అల్లుడు. అతను వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“ఏమనుకోకండి సార్, కాస్త గొంతు పెంచాను. అత్తగారిని ఇలా వెంటబెట్టుకుని తిప్పే అల్లుణ్ణి ఇప్పుడే చూడడం. వీణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్దామంటే మా సొంతవాళ్లే మొహం తిప్పుకుంటారు.”

“అబ్బే, అంత లేదండీ.” అల్లుడి చెవులు కాలిపోతున్నాయి.

ఈలోగా తమ్ముడు చక్రాలు తోసుకుంటూ అత్తగారి పక్కకి చేరాడు.

“కింద మెత్త లేకుండా కూర్చున్నారేంటి పిన్నిగారూ? ఒళ్లు పుండు పడుతుంది. నా దగ్గర ఇంకోటుంది, ఇది ఉంచండి.”

ఆవిడ మెత్త అందుకుని ఒళ్లో పెట్టుకుంది. “కుర్చీలోంచి మంచం మీదకి ఎలా మారతావు నాన్నా? పక్కన ఎవరూ లేనప్పుడు?”

“మంచానికి ఆనించి బ్రేకు వేసి, చేతుల మీద జరగడమే. పడ్డారనుకోండి, కంగారుపడి లేవబోకండి. ఫోను మెళ్లో వేలాడేసుకుంటే సరి.”

“మరి స్నానానికో?”

అత్తగారు ఒక్కొక్కటీ అడుగుతూనే ఉంది. అతను ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. చివరికి ఆవిడ కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకుంది. పాత్రలో మరీ ఇంత జీవించక్కర్లేదు అనుకున్నాడు అల్లుడు. ఇక వల్ల కాలేదు. తాళంచెవి తీసుకెళ్లి మెకానిక్కు చేతిలో పెట్టాడు.

“ఈ గది మీది. మా అత్తయ్యకి ఏ జబ్బూ లేదు. నిక్షేపంలా నడుస్తారు. మొన్న మేం వెళితే కూడా గుమ్మంలో నిలబడి నవ్వుతూ పలకరించారు. నీళ్ల వైపు గది కోసం నేనే అబద్ధమాడాను.”

మెకానిక్కు ఒక అడుగు వెనక్కి వేశాడు. తమ్ముడు తను ఇచ్చిన మెత్త వంక చూసి చూపు తిప్పుకున్నాడు.

“సిగ్గనిపించలేదండీ మీకు?” అంది రిసెప్షనిస్టు.

“ఇప్పుడనిపిస్తోందమ్మా.”

“అందరి ముందూ చెప్పాలా?” భార్య పళ్లు కొరికింది. “లేమ్మా. పరువు ఎలాగూ పోయింది. మెట్లెక్కి పైకి పోదాం.”

అత్తగారు లేవలేదు.

సిగ్గుపడుతోందనుకున్నాడు అల్లుడు. ఆవిడ ముందు వంగి, రెండు చేతులూ అందించాడు. “అత్తయ్యా, ఇందులో మీ తప్పేం లేదు. నేనే ఆడించాను. ఇక చాలు, లేవండి.”

ఆవిడ ఆ చేతులు గట్టిగా పట్టుకుంది. కుర్చీ కిర్రుమంది. నడుము కొంచెం లేచి, మళ్లీ కూలబడింది. చీర కుచ్చిళ్ల కింద మోకాళ్లు గడగడా వణికాయి. ఆవిడ తల ఎత్తకుండా, అతనికి మాత్రమే వినపడేలా అంది:

“నేను నటించింది ఇవాళ కాదు బాబూ. మీరొచ్చిన ప్రతిసారీ, నడవగలిగినట్టు నటించాను.”