సంతకం కుదరలేదు

"సంతకం కుదరలేదు" అంది కంప్యూటర్. లుసాజో మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మాట.

అతని ఇంటి అరుగు మీద పాల క్యాన్లు బారులు తీరి ఉన్నాయి. ఎండ ముదిరేలోపు పట్నం నుంచి ట్యాంకర్ రాకపోతే ఊరి పాలన్నీ విరిగిపోతాయి. రోజూ లుసాజో ఇక్కడ మీట నొక్కితే, పట్నం డెయిరీలో అతని భార్య అటుపెలే చూసుకునే కంప్యూటర్‌కి కబురు వెళుతుంది, ట్యాంకర్ కదులుతుంది. ఎవరో ఆకతాయిలు దొంగ కబుర్లు పంపి ట్యాంకర్‌ని ఊరికే తిప్పించినప్పటి నుంచి ప్రతి కబురుకీ సంతకం ఉండాలన్నారు. కబురునీ, పంపిన టైమునీ ఒక రహస్య కీతో కలిపి కంప్యూటరే చేసే సంతకం. ఆ కీ అక్కడ అటుపెలేకి, ఇక్కడ లుసాజోకి తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆ ఇద్దరికీ మొన్నటి నుంచి మాటల్లేవు. చుట్టాల ముందు "మా అమ్మ వండే అరటికాయల ముందు ఇవెంత" అన్నాడు మహానుభావుడు. ఆమె గరిటె అక్కడే పడేసి పట్నంలో అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

"నీ పెళ్ళాం కీ మార్చేసిందిరా!" అన్నాడు గ్వాకీసా తాత, తన క్యాన్ పక్కన చతికిలబడి.

"మార్చే ఉంటుంది. పంతం మనిషి."

"అయితే ఫోన్ చేసి అడుగు."

"నేనా? వెళ్ళింది తను. తనే చెయ్యాలి."

"నీ రోషం తీసుకొచ్చి మా పాలల్లో కలపకురా నాయనా!"

అందరూ నవ్వారు. లుసాజోకి మాత్రం నవ్వు రాలేదు. వాకిట్లో కూర్చుని అరటికాయలు చెక్కుతున్న అతని తల్లి సెకేలా ఇటు తలైనా తిప్పలేదు.

ఒకావిడ క్యాన్ మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది. ఇక లాభం లేదని లుసాజో ఫోన్ తీశాడు.

"నేను."

"తెలుస్తోంది" అంది అటుపెలే.

"కీ మార్చావా?"

"నా కోపం నీ మీదయ్యా, పాల మీద కాదు. నేనేం మార్చలేదు."

అరుగు మీది జనం చెవులు రిక్కించారు.

"నీ అరటికాయలూ బాగుంటాయి" అని గొణిగాడు లుసాజో.

"వినపళ్ళేదు."

"బాగుంటాయన్నాను! నువ్వు లేకపోతే ముద్ద దిగట్లేదన్నాను! చాలా?"

అరుగంతా ఈలలు. ఫోన్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. పాపం, ఆమెకీ బెంగగానే ఉంది.

"సరే, నీ కంప్యూటర్లో టైమెంతయిందో చూడు."

"ఒకటి దాటింది. సరిగ్గానే ఉంది."

"పొద్దు పొడుపు నుంచి లెక్కపెట్టే మన ఊళ్ళో ఒకటయ్యా! కంప్యూటర్‌కి ఇప్పుడు ఏడవ్వాలి. ఐదు నిమిషాలకి మించి తేడా వస్తే ఇక్కడ సంతకం చెల్లదు. ఎవరో పాత కబురే మళ్ళీ పంపుతున్నారనుకుంటుంది."

లుసాజో వాకిలి వైపు తిరిగాడు. "అమ్మా! దీని టైము నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను. పొద్దు పొడిచి గంటయితే ఒంటిగంట అంటాం గానీ ఏడంటామా ఎక్కడైనా? తప్పు చూపిస్తోందని దిద్దాను" అంది సెకేలా, చేతిలో కత్తి ఆపకుండా.

గ్వాకీసా తాత కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. లుసాజో టైము సరిచేసి మీట నొక్కాడు. సంతకం కుదిరింది.

పాలు విరక్కముందే ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ పక్క నుంచి అటుపెలే దిగింది. లుసాజో సిగ్గుపడుతూ ఎదురెళ్ళి, ఆమె సంచీ అందుకుని, పొయ్యి రాజెయ్యడానికి తనే లోపలికి పరిగెత్తాడు.

అటుపెలే అత్త పక్కన చేరి ఒక అరటికాయ చేతిలోకి తీసుకుంది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"అత్తా, ఆరు నిమిషాలు వెనక్కి జరిపితే చాలన్నాను కదా! ఆరు గంటలు జరిపేశావేం?"

"ఆరు నిమిషాలకి వాడికేం సాకు చెప్పనే, పిచ్చిదానా?" అంది సెకేలా.